రాజోలు దగ్గర చర్చి గోడ మీద మా మేడమ్ వేసిన పడవ

ఈ ప్రయాణానికి కారణం మార్గరెట్ మేడమ్ కళ్లు. అమెరికా యూనివర్సిటీలో నాకు చిత్రలేఖనం నేర్పిన ఆవిడకి ఎనభై దాటాయి, చూపు రోజురోజుకీ తగ్గుతోంది. వయసులో ఉండగా రాజోలు దగ్గర ఒక ఊళ్లో ఏడాదిపాటు బడిపిల్లలకి బొమ్మలు నేర్పుతూ, అక్కడి చర్చి గోడ మీద రేవు దాటే పడవ వేశారట. తర్వాత ఎన్ని ప్రదర్శనలు పెట్టినా ఆవిడ మనసు దానిమీదే. "కనిపిస్తున్నప్పుడే ఒక్కసారి చూపించు" అని అడిగారు.

హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కితే తెల్లవారి ఐదింటికి రావులపాలెం. అరటి గెలల లారీల పక్కన టీ తాగి, అమలాపురం మీదుగా రాజోలు చేరేసరికి ఏడున్నర. అక్కణ్ణుంచి ఊళ్లోకి ఆటో నూట యాభై. "చర్చికాండీ? ఆయ్, క్రిస్మస్‌కి రంగులేస్తన్నారండి. మొన్నటి నుంచీ గోడలు గోకుతున్నారు" అన్నాడు డ్రైవరు. ఇన్నేళ్లు ఆగిన గోడకి నేనొచ్చే వారమే ముహూర్తం కుదిరిందా! దారిలో కాలవలు, కొబ్బరితోటలు ఉన్నాయి కానీ నేను ఏవీ సరిగా చూడలేదు.

చర్చి అంతా సున్నం వాసన. రిటైర్డ్ టీచరు సువార్తమ్మ గారు "బొమ్మాండీ? ఎక్కడికి పోద్ది!" అంటూ దుమ్ము పడకుండా కప్పిన దుప్పటి తీశారు. పడవ ఉంది. కానీ మేడమ్ రంగులు లేవు. అంతా తలుపులకి వేసే పెయింటు, తళతళలాడుతూ.

"ఏటా మళ్లీ రంగులెయ్యడం ఒక్కో ఇంటికి వంతండి. దొరసానమ్మ గారి బొమ్మ మాసిపోతే మనకి నామోషీ కాదా?" అన్నారావిడ గర్వంగా.

క్లాసులో ఒకరి బొమ్మ మీద మరొకరు కుంచె పెడితే మేడమ్ అగ్గిమీద గుగ్గిలమయ్యేవారు. చూపిస్తే మనసు విరుగుతుందేమో. చూపించకపోతే, రేపటికి ఆవిడకి చూపే ఉండదేమో. వరండాలో పావుగంటసేపు కాలుకాలిన పిల్లిలా తిరిగి, ఫొటో పంపేశాను.

వెంటనే వీడియో కాల్ వచ్చింది. మేడమ్ ఇంకో ఫోన్‌లో ఫొటోని కళ్లకి ఆనించుకుని చూస్తున్నారు.

"నేను ఆరుగురినే వేశాను. పద్నాలుగు మంది ఉన్నారేం?"

సువార్తమ్మ గారిని అడిగాను. "పోయినోళ్లని ఎక్కించేమండి. ఆ తెడ్డేసే ఆయన మా నాన్నగారు."

మేడమ్‌కి చెప్పాను. ఆవిడ ఫొటోని మళ్లీ కళ్లకి దగ్గరగా తెచ్చుకున్నారు. తర్వాత నెమ్మదిగా "ఇంకొకరికి చోటుందేమో అడుగు" అన్నారు.

"అయ్యో, ఎందుకుండదండీ! కానీ తొందరేముందండి? చివర చోటు అట్టే పెడతామని చెప్పండి" అన్నారు సువార్తమ్మ గారు. నేను ఆ మాట చెప్పబోయి ఏడ్చేశాను.

బొమ్మ పోయిందేమోనన్న భయంతో వెళ్లాను. ఒకరకంగా పోయింది కూడా. అయినా మేడమ్ ఆ ఫొటోని పెద్దది చేయించి మంచం ఎదురుగా పెట్టించుకున్నారు. మీరు వెళ్తే డిసెంబరు మొదట్లో, ఉదయంపూట వెళ్లండి, వెలుతురు బాగుంటుంది. పడవ చివర ఖాళీ చూసి రంగు చాలలేదనుకోకండి. ఆ చోటు ఇంకొన్నేళ్లు ఖాళీగానే ఉండాలని ప్రార్థన చేసి రండి.