మణికట్టు కూడా వాచింది

బీడీలు చుట్టే తునికాకు కోతల కాలం అది. ఇండియా తరఫున బ్యాంకాక్‌లో రెండు వందల మీటర్లు పరిగెత్తి, భద్రాచలం దగ్గరి మా ఊరికి సెలవుకు వచ్చాను. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. ఒకరోజు పొద్దున చాప మీద నుంచి లేవబోతే కుడి మోకాలు నిలవనివ్వలేదు. ముట్టుకుంటే కాలుతోంది. అంతకు రెండు వారాల ముందు గొంతునొప్పి, జ్వరం వచ్చి పోయాయి. దానికీ మోకాలికీ సంబంధం ఉంటుందని మా ఇంట్లో ఎవరికి తెలుసు?

"ఉరికే కాలు నొయ్యదా బిడ్డా" అంది అమ్మ. మా వైపు కీళ్ల నొప్పికి జీడి పెడతారు. అడవిలో దొరికే నల్లజీడి గింజను సూదికి గుచ్చి, దీపం మీద వేడిచేసి, ఆ రసంతో నొప్పి చుట్టూ చుక్కలు వేస్తారు. చర్మం కాలి నల్లమచ్చలు పడతాయి. అమ్మ మోకాలి చుట్టూ వేసింది. నాలుగు రోజుల్లో వాపు దిగింది. వెంటనే చీలమండ వాచింది. అక్కడా వేసింది. తర్వాత ఎడమ మణికట్టు. నొప్పి చుట్టాల ఇళ్లు తిరిగినట్టు తిరిగి, చివరికి తనంతట తానే పోయింది. జీడి వల్లే పోయిందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం.

హైదరాబాద్ క్యాంపుకు వెళ్లాను. మళ్లీ విదేశానికి పోయే జట్టును అక్కడే ఎంపిక చేస్తారు. ట్రయల్లో మలుపు దాటేదాకా నేనే ముందున్నాను. ఆ తర్వాత ఊపిరి అందలేదు. ఎప్పుడూ నా వెనక ఉండే అమ్మాయిలు ఒక్కొక్కరే దాటిపోతుంటే ట్రాక్ మీదే కూలబడ్డాను.

"ఏందే నాగమ్మా, ఇంటికాడ తిని పండుకున్నవా?" అని కోచ్ సారు కోప్పడ్డారు. మర్నాడూ అలాగే అయ్యేసరికి భయపడి, ఆయనే దవాఖానాకు తీసుకుపోయారు.

డాక్టరమ్మ స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నారు. "గుండె చప్పుడుల తేడా ఉంది, మర్మర్" అని ఈసీజీ, ఎకో చేయించారు. తర్వాత నా ఒంటిమీది జీడి మచ్చల గురించి అడిగారు. ఏది ఎప్పుడు పెట్టారో వరసగా చెప్పాను.

"మోకాలు, చీలమండ అంటే పరుగు వల్ల అనుకున్నరు. మణికట్టుతోని గూడ ఉరికినవా తల్లీ?"

మణికట్టు మీది మచ్చలు చూసుకున్నాను. సారు కిటికీ వైపు తిరిగారు.

"ఇది రుమాటిక్ ఫీవర్. గొంతు ఇన్‌ఫెక్షన్ తర్వాత వస్తది. కీళ్లనొప్పి దానంతటదే పోతది గని, గుండెను పట్టుకుంటది. మైట్రల్ వాల్వ్ దెబ్బతిన్నది. కీళ్లు వాచినప్పుడే వచ్చుంటే బాగుండేది. నడువు, పని చేస్కో. రేసులు మాత్రం బంద్."

"ఎన్నాళ్లు మేడం?"

"ఇగ వద్దు తల్లీ."

ఊరికి వచ్చే బస్సులో స్పైక్స్ ఒళ్లో పెట్టుకుని ఖమ్మం దాకా ఏడుస్తూనే ఉన్నాను. చచ్చిపోతానన్న భయం కాదు. పరుగు లేకుండా బతకాలంటేనే భయమేసింది.

ఆ జ్వరం మళ్లీ రాకుండా మూడు వారాలకోసారి పెనిడ్యూర్ ఇంజెక్షన్. వేయించుకున్నాక రెండు రోజులు కుంటుతూ నడిచేదాన్ని. ఒక వానాకాలం వాగు పొంగి ఇంజెక్షన్ తప్పింది. మళ్లీ జ్వరం వచ్చింది. కాళ్లు ఉబ్బాయి. పడుకుంటే ఊపిరాడక, ఖమ్మం దవాఖానాలో మంచం మీద కూర్చునే నిద్రపోయేదాన్ని.

ఇప్పుడు బాలికల హాస్టల్లో ఆయాగా చేస్తున్నాను. మెట్లెక్కితే మధ్యలో ఆగాలి. సాయంత్రం పిల్లలు పరుగు పందేలు పెట్టుకుంటే వంటింట్లోకి వెళ్లిపోతాను. ఇన్నేళ్లయినా చూడలేను.

చదివేవాళ్లకు ఒక్కటే చెప్తాను. పిల్లలకు గొంతునొప్పి వచ్చి పోయాక కీళ్లు వాచి, ఆ వాపు ఒకచోట తగ్గి ఇంకోచోట లేస్తే, తగ్గింది కదా అని ఊరుకోకండి. వెంటనే డాక్టరుకు గుండె చూపించండి. ఇంజెక్షన్లు రాస్తే ఒక్కటీ తప్పనివ్వకండి.

డాక్టరమ్మ చెప్పినవన్నీ అమ్మకు చెప్పాను. కీళ్లు వాచినప్పుడే వచ్చుంటే అన్న మాట మాత్రం చెప్పలేదు. ఇప్పటికీ నాకు నడుము పట్టేస్తే ఆమె జీడిగింజ వెతుకుతుంది.

"పెట్టనా బిడ్డా? అప్పుడు జల్దీ తగ్గింది గద."

"అవ్ అమ్మా, జల్దీ తగ్గింది" అంటాను.