మా బండికి సెలైన్ పెట్టిన అమ్మ

మా బండి గొలుసు మీద నూనె దానంతట అదే చుక్కచుక్కగా పడుతుంది. చూసినవాళ్లు ఆగి ఫోటో తీసుకుంటారు. ఈ ఏర్పాటు ఎవరు చేశారని అడుగుతారు. మా అమ్మ అని చెబితే నవ్వి, నిజం చెప్పమంటారు. సైకిలు తొక్కడం కూడా రాని, చేపలమ్ముకునే మనిషికి ఇలాంటి ఆలోచన ఎలా వస్తుందని వాళ్ల అనుమానం. నాకూ మొదట్లో అదే అనుమానం ఉండేది కాబట్టి వాళ్ల మీద కోపం తెచ్చుకోను. నిజానికి కోపం నాకు తొందరగానే వస్తుంది. ఈ ఒక్క విషయంలోనే రాదు.

మాది విజయనగరం జిల్లాలో సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. నాన్న వేటకు వెళ్లేవాడు. ఆయన తెచ్చిన చేపలు అమ్మ తట్టలో పెట్టుకుని, నెత్తిన మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మేది. నాన్న పోయాక కూడా తట్ట దించలేదు. మోకాళ్లు మొరాయించాక నేను మోటారు బండి కొని, వెనక క్యారియరు మీద ఐసు పెట్టె కట్టాను. నాకూ పెట్టెకూ మధ్య అమ్మ, రెండు కాళ్లూ ఎడమపక్కకు వేసుకుని కూర్చునేది. తెల్లవారగానే ఒడ్డున వేలంపాటలో చేపలు పాడుకుని, నెల్లిమర్ల దాటి రామతీర్థం చుట్టుపక్కల రైతుల ఊళ్లకు వెళ్లేవాళ్లం.

చేపల బండికి ఒక రోగం ఉంటుంది. ఐసు కరిగి, చేపల ఉప్పు కలిసిన నీళ్లు పెట్టె మూల నుంచి సన్నగా కారి తిన్నగా గొలుసు మీదే పడతాయి. గొలుసు మీది కవరు ఏనాడో తుప్పు పట్టి ఊడిపోయింది. వారానికోసారైనా కడిగి నూనె వెయ్యమని జంక్షన్లో మెకానిక్ చెబుతూనే ఉండేవాడు. రేపు వేద్దాం అనుకుంటూ నేను వాయిదా వేస్తూనే ఉండేవాణ్ణి. గొలుసు కిర్రుకిర్రుమంటే అమ్మ వెనక నుంచి అడిగేది.

"అదేట్రా, అలా ఏడుస్తన్నాది?"

"అదంతేనే," అనేవాణ్ణి.

ఒకనాడు రామతీర్థం కొండ కనబడే మలుపులో అది ఏడవడం మానేసింది. తెగి, వెనక చక్రంలో ఇరుక్కుంది. బండి ఎడమపక్కకు ఒరిగి పడిపోయింది. నాకు మోచెయ్యి గీరుకుపోయిందంతే. అమ్మ ఎడమ మణికట్టు విరిగింది. రోడ్డంతా కానాగంత చేపలు. నేను అమ్మను లేపబోతే, "నన్నొగ్గీ, ముందు సేపలేరు, లారీ వస్తన్నాది," అంది. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

ఆస్పత్రిలో కట్టు కట్టారు. నీరసంగా ఉందని రెండు రోజులు సెలైన్ పెట్టారు. ఇంటికొచ్చాక అమ్మ గుమ్మంలో ఉన్న బండి వైపు చూసి ఒకే మాట చెప్పింది.

"నానింక దానిమీద ఎక్కను. బస్సుకెల్తాను."

చేపల తట్టను ఏ కండక్టరూ ఎక్కనివ్వడని తనకూ తెలుసు. నేను ఒక్కణ్ణీ వెళ్లడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, ఇన్నాళ్లూ నేను వ్యాపారం చేయలేదని, బండి మాత్రమే తోలానని. ఏ ఇంట్లో బాలింత ఉందో, ఆ ఇంటికి పాలు పడటానికి పాలసొర చేప దాచిపెట్టాలని నాకు తెలియదు. ఏ వీధివాళ్లు శనివారం రాముడి పేరు చెప్పుకుని నీచు ముట్టరో తెలియదు. ఎవరికి తోమి ఇవ్వాలో, ఎవరు తామే తోముకుంటామంటారో తెలియదు. "సేపలో..." అని అరిస్తే ఒక రైతు ఇల్లాలు తలుపు తీసి, "నీ గొంతుకి ఎవులొస్తార్రా బాబూ? మీయమ్మేది?" అని మళ్లీ వేసుకుంది. సగం చేపలు వెనక్కి తెచ్చి ఎండబెట్టేవాళ్లం. ఇంకో రెండు నెలలు ఇలాగే సాగితే ఆ ఊళ్లు మా చేయి జారిపోతాయని నాకు అర్థమైంది. అమ్మ మళ్లీ బండి ఎక్కాలి. ఎక్కమని అడిగే ముఖం నాకు లేదు.

కొత్త గొలుసు వేయించాను. తప్పు చేసినవాడి భక్తి కదా, ఇంటి ముందు గొంతుక్కూర్చుని డబ్బాడు నూనె దాని మీద గుమ్మరిస్తున్నాను. అమ్మ కట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద నుంచి చూస్తోంది.

"అలగ గుమ్మరిస్తే నేలకి పడతాది గానీ గొలుసుకి ఉంటాదేటి?" అంది. "నాకు నీర్సం వచ్చిందని ఆ సీసాడు నీల్లూ ఒక్కపాలి నోట్లో పోసీసినారేటి? సుక్క సుక్క ఎక్కించినారు. ఆ నర్సమ్మ సక్రం ఇలా తిప్పితే సుక్క ఆగిపోయింది, అలా తిప్పితే పడింది. ఆ పైపు మందుల సాపులో దొరకదేటి?"

నేను నూనె డబ్బా పక్కన పెట్టి అమ్మ ముఖంలోకి చూశాను. సెలైన్ పెట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఫోను చూసుకుంటున్నాను.

మర్నాడు మందుల షాపులో కొత్త సెలైన్ పైపు కొన్నాను. సీటు పక్క మూత లోపల చిన్న ప్లాస్టిక్ సీసా కట్టాను. దాని నుంచి పైపును వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చెయ్యి వెంబడి తీసుకెళ్లి, గొలుసు తిరిగే పళ్లచక్రానికి కొస ఆనీ ఆనకుండా తీగతో బిగించాను. చుక్కను నడిపే చిన్న చక్రం నా కాలి దగ్గర పెట్టుకున్నాను. అంతా అయింది. చుక్క పడలేదు. తిప్పాను, ఊదాను, తిట్టాను. అమ్మ అరుగు మీద నుంచే అంది.

"సీసాకి ఇంకో సూది గుచ్చినార్రా ఆస్పత్రిలో. గాలికి."

మూతకు సూదితో బెజ్జం పెట్టాను. టప్పున చుక్క పడింది. ఆ చుక్కను చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పుకుంటే సిగ్గుగా ఉంటుంది. నాన్న కొత్త పడవ నీళ్లలో దిగినప్పుడు కూడా అంత సంతోషపడలేదు.

ఇక ఏ నూనె పోయాలన్న దగ్గర మేమిద్దరం కలిసి తప్పు చేశాం. ఒడ్డున పుట్టినవాళ్లు తప్ప ఇంకెవరూ చేయని తప్పు అది. ఇంజినాయిలు వాసన చేపలకు పడితే ఒక్కరూ కొనరని అమ్మ భయం. ఇంట్లో, నాన్న చెక్క పడవకు పూసే సొరచేప నూనె ఒక డబ్బా మిగిలి ఉంది. "ఉప్పునీల్ల నుంచి పడవని కాసిన నూనె, నీ గొలుసుని కాయదేటి?" అంది. ఆ మాటలో నాకేమీ లోపం కనిపించలేదు. సీసా నిండా పోసి బయలుదేరాను.

మొదటి ఊళ్లో మూడు కుక్కలు వెంటపడ్డాయి. రెండో ఊరికి వచ్చేసరికి లెక్క తప్పింది. బండి ఆపితే చాలు, వెనక చక్రం చుట్టూ చేరి పళ్లచక్రం నాకడం మొదలుపెట్టాయి. అదిలిస్తే తోక ఊపుతాయి, కదిలితే వెంటవస్తాయి. చేపలు అమ్మేవాడి వెనక పెళ్లి ఊరేగింపులా కుక్కలు వస్తుంటే ఏ ఇల్లాలు దగ్గరికొస్తుంది? వారం తిరిగేసరికి ఆ నూనె ఎండకు జిగురులా గట్టిపడి గొలుసు పట్టేసింది. ఇంటికొచ్చి మండిపడుతూ చెప్పాను. అమ్మ నవ్వింది. కట్టు చెయ్యి అదురుతుంటే రెండో చేత్తో పట్టుకుని మరీ నవ్వింది. పడిన తర్వాత అమ్మ నవ్వడం అదే మొదటిసారి. ఆ కుక్కలకు నేను ఈ రోజుకీ రుణపడి ఉన్నాను. ఇప్పుడు కనిపిస్తే తలో కవ్వ చేప పడేస్తాను.

జంక్షన్ మెకానిక్ బండి వాసన చూసి, "ఇది ఏపుడికి ఎట్టిన నూనేటి గురూ?" అన్నాడు. నవ్వినంతసేపు నవ్వి, గొలుసు శుభ్రంగా కడిగి, చిక్కటి గేరాయిలు పోశాడు. ఐసు పెట్టె మూలకు ఒక గొట్టం బిగించి నీళ్లు కుడిపక్కకు పోయేటట్టు చేశాడు. పడాల్సింది చుక్కేనని, అది కిందనే పడుతుందని, పెట్టె దాకా వాసన రాదని అమ్మకు చెప్పమన్నాడు. అమ్మ వట్టి మాట నమ్మలేదు. నేను తిరిగి వచ్చాక పెట్టెలో అడుగున ఉన్న చేప తీయించి వాసన చూసి, సరేనంది.

కట్టు విప్పిన వారానికి, పొద్దున్నే నేను పెట్టె కడుతుంటే అమ్మ వచ్చి బండి పక్కన నిలబడింది. చీర కుచ్చిళ్లు పైకి దోపి ఉన్నాయి. చాలాసేపు గొలుసు వైపే చూసింది.

"ఆ సక్రం నాకు అందుతాదేటి?"

"నీకెందుకే? నా కాలి దగ్గరుంది కదా."

"నువ్వు మర్సిపోతావు. నాకందేటట్టు ఎట్టు. నాను తిప్పుతాను."

పైపు విప్పి, చక్రాన్ని సీటు కిందికి, అమ్మ కుడి చెయ్యి పడే చోటుకు మార్చాను. అమ్మ ఎక్కి కూర్చుంది. వంగి చక్రం తిప్పింది. "తెరిసేనురా, పోనియ్," అంది. మొదటి ఊళ్లో ఆపగానే, "మూసేను," అంది. ఆ రోజు నుంచి అదే వరస. రైతు ఇళ్లలో ఆడవాళ్లు అడిగితే, "బండికి నీర్సంగా ఉంటే సెలైన్ ఎట్టేను," అని చెప్పేది. "ఒలప్పా, నువ్వు డాక్టరమ్మవైపోనావు!" అని వాళ్లు నవ్వేవారు. ఆ మలుపు దగ్గర నాకు భయం వేసేది గానీ అమ్మకు వేసినట్టు అనిపించలేదు. జారిపోతాయనుకున్న ఊళ్లన్నీ తిరిగి మావయ్యాయి. చుక్క నూనె మా అన్నం నిలబెట్టింది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. మా అక్క మొగుడు విశాఖపట్నంలో ఫ్యాక్టరీలో ఫిట్టరు. అమ్మ అంత దూరం వంగడం చూసి జాలిపడి, అసలైన ఆటోమేటిక్ మిషను తెప్పించాడు. ఇంజిను మొదలైతే నూనె తెరుచుకుంటుంది, ఆగితే మూసుకుంటుంది. మనిషితో పనిలేదు. కార్తీకంలో చేపలకు గిరాకీ ఉండదు కాబట్టి ఒక పగలంతా కూర్చుని బిగించాను. ఇంజిను గాలి పీల్చే గొట్టానికి దాని సన్నటి పైపు కలిపాను, సీసా నిలువుగా కట్టాను, పాత సెలైన్ పైపు పెరట్లో పారేశాను. స్టార్టు చేసి చుక్క పడటం, ఆపేసి ఆగడం అమ్మకు చూపించాను. "బాగున్నాది," అంది.

కార్తీకం వెళ్లాక బయలుదేరాం. అమ్మ "తెరిసేను" అనలేదు. ఆగినప్పుడు "మూసేను" అనలేదు. రామతీర్థం మలుపు దగ్గరికి వచ్చేసరికి నా చొక్కా వెనక బిగుసుకుంది. మర్నాడూ అంతే. మూడోనాడు మెడ కింద గుండీ తెగి ట్యాంకు మీద పడింది. బండి పక్కకు తీసి ఆపాను. అమ్మ పిడికిలి ఇంకా నా చొక్కాలోనే ఉంది.

"భయమేస్తన్నాదేటే?"

"నాకేటి భయం?" అంది. పిడికిలి సడలించి, "ఆ సక్రం నా సేతిలో ఉంటే బండి నా మాట ఇంటన్నట్టుండేదిరా. ఇప్పుడిది నా మాటా ఇనదు, నీ మాటా ఇనదు. అలాగే ఆ రోజూ ఇనలేదు," అంది.

నేను రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. కళ్లలో నీళ్లు అమ్మకు చూపించడం నాకిష్టం లేదు. ఇన్నాళ్లూ అమ్మకు భయం లేదనుకున్నాను. భయం రోజూ ఉంది. నా బద్ధకంతో చెయ్యి విరిచిన బండి మీదే, నా వెనకే, వేలెడంత ప్లాస్టిక్ చక్రం ఆసరాతో ఆ భయాన్ని అణుచుకుని కూర్చుంది. ఒక్కసారి కూడా తప్పు నీదేనని నన్ను అనలేదు.

ఇంటికెళ్లి పెరట్లో వెతికాను. సెలైన్ పైపు కొబ్బరాకుల కింద దొరికింది. చక్రం ఉన్న ముక్క కోసి, కడిగి, బావ ఇచ్చిన మిషను పైపు మధ్యలో అతికించి, అమ్మ చెయ్యి అందే చోటుకు తెచ్చాను. ఫోనులో చెబితే బావ, "ఆటోమేటిక్‌కి మల్లీ మనిషేటి బామ్మర్దీ?" అన్నాడు. మా బండికి కావాలన్నాను.

పొద్దున్న అమ్మ చక్రం చూసింది. వేలితో తడిమింది.

"ఇది మూస్తే నిజంగా ఆగిపోతాదేటి, ఉత్తుత్తిదా?"

"మూసి చూడు."

మూసింది. ఇంజిను నడుస్తూనే ఉంది, చుక్క ఆగింది. తెరిచింది, పడింది. ఎక్కి కూర్చుంది. రామతీర్థం కొండ కనబడింది. మలుపు దగ్గరపడుతుంటే చొక్కా బిగుసుకుంటుందని వీపు సిద్ధం చేసుకున్నాను. అమ్మ చెయ్యి నా చొక్కా వదిలి, సీటు కిందికి వెళ్లింది.

"తెరిసే ఉన్నాదిరా," అంది. "పోనియ్."