దాగుడత్త దాచిన పన్నెండో గుడ్డు

దాగుడత్త చాక్లెట్లు కొనేది తినడానికి కాదు, దాచడానికి. రుచి ఆమెకు అక్కర్లేదు. ఎక్కడ పడుతుంది, ఎంత లోతుకి దిగుతుంది, పైన మూత పడుతుందా లేదా, ఇవే ఆమె చూసేవి.

ఆ పేరు ఆమె తమ్ముడి కూతుళ్ళిద్దరూ పెట్టింది. వాళ్ళకి మేనత్త. వాళ్ళమ్మకి పెద్ద ఆడబిడ్డ. ఏటా ఈస్టరుకి వారం ముందు పెద్ద చేతిసంచీతో దిగిపోయేది. గుమ్మంలో చెప్పులు విప్పకముందే, "పద మరదలా, గుడ్లు కొనాలి" అనేది. చాక్లెట్ గుడ్లు; ఆమె ఇల్లంతా దాస్తే ఈస్టరు పొద్దున పిల్లలు వెతుక్కోవాలి.

పండగ ముందు మిఠాయి దుకాణంలో ఇసుక వేస్తే రాలదు. అంత జనంలోనూ ఆమె సంచీలోంచి తీరిగ్గా ఒక కళ్ళజోడు డబ్బా, ఒక టీ కెటిలు మూత, తమ్ముడి బూటు ఒకటి తీసి బల్లమీద పరిచేది.

దుకాణదారు బూటు వంక చూసి, "అమ్మా, మీరు కొనేది గుడ్డా, బూటా?" అన్నాడు ఒక ఏడు.

"బూటుకి గుడ్డు కొంటున్నా నాయనా. కాస్త సన్నంది చూపించు. వేళ్ళ దగ్గర ఇరుకు."

మరదలు నాలుగడుగులు వెనక్కి జరిగింది.

"తోడొచ్చినదానివి అంత దూరంలో నిలబడ్డావేమే?"

"జనం వదినా" అంది మరదలు, ముఖం తిప్పుకుని.

ఆ గుడ్డు బూటులో చక్కగా పట్టింది. ఎంత చక్కగా పట్టిందంటే, పిల్లలకి దొరకలేదు, వాళ్ళ నాన్న కాలికి దొరికింది. ఆయన్ని ఆఫీసు దాకా రెండు వీధికుక్కలు సాగనంపాయి. ఇంకో ఏడు పాస్టరుగారు వీళ్ళ గొడుగు అరువు తీసుకెళ్ళి, వీధి మలుపులో వాన అందుకోగానే విప్పుకున్నారు. బంగారు కాగితం చుట్టిన గుడ్డు ఠపీమని నెత్తిమీద పడింది. ఆయన ముందు ఆకాశం వంక చూశారట. తర్వాత కాగితం ఒలిచి తినేశారట.

దొరక్కపోతే పిల్లలు అత్త చుట్టూ చేరేవాళ్ళు. "ఎక్కడ పెట్టావత్తా?"

అత్త నెత్తిన చెయ్యి పెట్టుకునేది. "అయ్యో, గుర్తులేదే తల్లీ!"

తమ్ముడు పగలబడి నవ్వేవాడు. "మా అక్క ముప్పై ఏళ్ళు ఆసుపత్రి స్టోరు చూసింది. కరెంటు పోతే చీకట్లో చెయ్యి చాపి కట్టుగుడ్డంటే కట్టుగుడ్డ, సూదంటే సూది తీసిచ్చేది. ఇంటికొచ్చేసరికి గుర్తులేదంటుంది. బుర్రని స్టోరులోనే పెట్టి తాళం వేసొస్తుంది కాబోలు!"

అలా నవ్వే మనిషి పోయిన వానాకాలంలో పోయాడు. మూడు రోజుల జ్వరం, అంతే.

ఇంట్లో కుట్టుమిషను ఉంది. కుట్టేది మరదలు, నూనె వేసేది ఆయన. ప్రతి ఆదివారం మాటకో చుక్క, నవ్వుకో చుక్క. ఆయన పోయాక మిషను మీద దుప్పటి పడింది. దుప్పటి మీద ఇస్త్రీ చెయ్యని బట్టలు పడ్డాయి. చిన్నదాని గౌనుకని ఆయన తెచ్చిన నీలంరంగు గుడ్డ మిషను సొరుగులోనే ఉండిపోయింది. ఆ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తరు. మిషను పక్కనుంచి నడిచేటప్పుడు పిల్లలు కూడా కాస్త ఒదిగి నడిచేవాళ్ళు.

చిన్నదానికి దుకాణంలో కొన్న గౌన్లే. "మెడ దగ్గర గుచ్చుతోందమ్మా" అనేది.

"ఈసారికి సర్దుకో" అనేది తల్లి. ఆ 'ఈసారి' మాత్రం అయ్యేది కాదు.

ఈ ఏడు కూడా దాగుడత్త దిగింది.

"ఈ యేటికి వద్దులే వదినా, గుడ్లూ గొడవా."

"సరే. ఆ మాట పిల్లలకి నువ్వే చెప్పు. నేను పక్కన నిలబడి వింటా."

మరదలు చెప్పలేకపోయింది. ఇద్దరూ దుకాణానికి వెళ్ళారు. ఈసారి సంచీలోంచి బూటు రాలేదు, డబ్బా రాలేదు. ఒక పాత టేపు వచ్చింది. దాన్ని గుడ్డు చుట్టూ తిప్పి కొలిచింది. ఎక్కడో చూసిన టేపులా ఉందే అనుకుంది మరదలు.

"ఏం కొలుస్తున్నావు వదినా?"

"పడుతుందో లేదోనని."

"దేంట్లో?"

"చెబితే ఇంక దాచడం దేనికే?"

పన్నెండు గుడ్లు కొన్నారు. ఈస్టరు పొద్దున చర్చినుంచి రాగానే పిల్లలు ఇల్లు తలకిందులు చేశారు. దిండు గలీబులో ఒకటి, చీపురు కుచ్చులో ఒకటి, రేడియో వెనక ఒకటి. మొత్తం పదకొండు దొరికాయి. పెద్దదానికి ఆరు, చిన్నదానికి ఐదు. దొరకనిది కుందేలు బొమ్మ ఉన్నది. చిన్నది కొనుక్కొచ్చిన పెట్టెమీద ఆ బొమ్మ చూసి, అది నాదని ముందే చెప్పిపెట్టుకుంది.

"ఎక్కడ పెట్టావత్తా?" అత్త చెయ్యి పట్టుకుని అడిగింది చిన్నది.

"అయ్యో, గుర్తులేదే తల్లీ!"

"నీ చేతి మీద ఆ మరకేంటత్తా?"

"వంటనూనె."

"నువ్వు వంట చెయ్యలేదుగా?"

"చెయ్యబోయాను."

పిండి డబ్బా వెతికారు. బొగ్గుల బస్తా వెతికారు. చివరికి చిన్నది మిషను ముందు ఆగింది. "ఇందులో చూళ్ళేదమ్మా."

"అందులో ఉండదులే" అంది తల్లి.

"నువ్వు చూశావా?"

తల్లి ఆడబిడ్డ వంక చూసింది. దాగుడత్తకి ఉన్నట్టుండి కిటికీ తెరమీది పువ్వులు లెక్కపెట్టాల్సిన పని పడింది.

తల్లి బట్టలు పక్కన పెట్టింది. దుప్పటి తీసింది. సొరుగు లాగింది. నీలం గుడ్డ మీద కుందేలు గుడ్డు కూర్చుని ఉంది. దాని చుట్టూ పొందిగ్గా టేపు చుట్టి ఉంది. ఆ టేపు తనదే. అంకెలు చెరిగిపోతే గుర్తుకోసం ముప్పై ఆరు దగ్గర ఆయన కట్టిన ఎర్రదారం ముడి అలాగే ఉంది.

చేత్తో చక్రం తిప్పి చూసింది. కిర్రుమనలేదు. నెలల తరబడి పడున్న మిషను వెన్నలా తిరిగింది. కొత్త సూది. సూదిలో నీలం దారం.

చాలాసేపు చక్రం మీంచి చెయ్యి తియ్యలేదు.

"వదినా."

"ఏమే?"

"వంటనూనె అన్నావు."

"అన్నానా? ఏ నూనో గుర్తులేదే!"

"అమ్మా, గుడ్డు ఇస్తావా ఇవ్వవా?" అని చిన్నది కొంగు లాగింది.

తల్లి గుడ్డు దాని చేతిలో పెట్టి టేపు తన దగ్గర ఉంచుకుంది. "ఇటు తిరుగు. చేతులెత్తు. తింటే తిన్నావు గానీ కదలకు." దీపాలు పెట్టే వేళకి గౌను తయారైంది. మెడ దగ్గర గుచ్చలేదు.

దాగుడత్త ఊరికి బయల్దేరేముందు మరదలు ఆమె చేతిసంచీ అందుకుంది. "లోపలి గుడ్డ చిరిగింది వదినా. ఉండు, రెండు కుట్లు వేసిస్తాను." పిల్లలిద్దరూ నవ్వు ఆపుకుంటూ నోటిమీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. ఆ తొందరలో అత్త వాళ్ళ వంక చూడలేదు.

వారం తిరక్కముందే ఫోను వచ్చింది.

"మరదలా! నా సంచీకి చీమలు బారులు కట్టాయేమే? మూడుసార్లు బోర్లించి దులిపాను. నాకేమీ కనపళ్ళేదు. వాటికి మాత్రం దారి తెలుసు! ఎక్కడ పెట్టావే?"

మరదలు మిషను ఆపి, నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో, గుర్తులేదు వదినా!"