సాంచ ఆపకుండా చూపించమన్నారు

ఆ కాలంలో తెలుగు నేతగాళ్ళుండే మా దాజీ పేటలో పని అంటే చప్పుడు చేసేది. ఏ ఇంట్లో సాంచ (మరమగ్గాన్ని మావాళ్ళు అలాగే అంటారు) టకటకలాడుతుంటే ఆ ఇంట్లో పని నడుస్తున్నట్టు. ఆగితే కరెంటు పోయినట్టో, నూలు అయిపోయినట్టో. నేను చేసే పనికి చప్పుడు లేదు. మేడ మీది గదిలో కంప్యూటర్ ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చునేవాణ్ణి. అప్పుడప్పుడూ దాని ఫ్యాన్ కొంచెం గట్టిగా తిరిగేది. ఆ రోజు ఎక్కువ పని జరిగినట్టు లెక్క. అందుకే నాకు సంబంధాలు వచ్చినట్టే వచ్చి మెట్ల దగ్గర ఆగిపోయేవి. "పిల్లగాడు ఏం జేస్తడు?" అని ఎవరైనా అడిగితే మా నాన్న పైకి చూసేవాడు. ఆయన చూసింది నా గది వైపే గానీ, అడిగినవాళ్ళకు దేవుడి వైపు చూసినట్టుండేది.

కంప్యూటర్ నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాత పుస్తకాలు చదివి, చెడగొట్టి, మళ్ళీ చేసి నేర్చుకున్నాను. నాకున్న ఒకే గుణం కొలవడం. ఏ పనికి ఎంతసేపు పడుతుందో తెలిస్తే గానీ అన్నం సయించేది కాదు (అన్నం ఉడకడానికి ఎంతసేపు పడుతుందో కూడా కొలిచినందుకు అమ్మ గరిటె చూపించింది). ఈ గుణాన్ని చూసే పూణేలోని ఒక చిన్న కంపెనీవాళ్ళు ఇంటి నుంచే చేసే పని ఇచ్చారు. వాళ్ళ దగ్గర కంప్యూటర్ లోపలి పనులను కొలిచే సాధనం ఒకటుండేది. కెర్నెల్ అనే పెద్ద మేస్త్రీ చేసే పనులను మాత్రమే అది చూడగలిగేది. ఆ మేస్త్రీ కింద సాంచల్లా నడిచే మామూలు ప్రోగ్రాముల లోపల ఏం జరుగుతోందో దానికి తెలియదు. దాని చూపును ఆ ప్రోగ్రాముల దాకా తీసుకుపోవడమే నాకు అప్పగించిన పని. నడుస్తున్న ప్రోగ్రాములో మనకు కావలసిన చోట ఒక గుర్తు గుచ్చాలి. పని ఆ చోటికి వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం మేస్త్రీ దగ్గరికి వెళ్ళి "వచ్చాను" అని చెప్పి, ఏమీ జరగనట్టు మళ్ళీ తన దారిన పోవాలి. ప్రోగ్రామును ఆపకూడదు, తిరగరాయకూడదు. మొదట్లో గుర్తు వెంట్రుకవాసి పక్కన పడి ప్రోగ్రాములు అక్కడికక్కడే చచ్చేవి (ప్రోగ్రాములోని ఒక వరుస ఫైలులో ఉండే చోటు, అది నడిచేటప్పుడు మెమరీలో కూర్చునే చోటు ఒకటి కావని తెలుసుకోవడానికి నాకు ఒక వానాకాలం పట్టింది). చివరికి ఒక రోజు గుర్తు పడింది, ప్రోగ్రాము బతికింది. ఆ సంతోషం ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి, బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఉండే మా మేనత్త దగ్గరికి పోయాను. ఆమెను మేము రేడియో అత్త అనేవాళ్ళం. చేతులు బీడీలు చుడుతుంటే నోరు వార్తలు చెప్పేది.

"సమజ్ అయ్యేటట్టు చెప్పురా," అంది ఆకు కత్తిరిస్తూ.

"ఒకటి నడుస్తుంటే దాన్ని ఆపకుండ లోపల ఏమైతుందో చూసుడు అత్తా."

"గంతేనా? గది మా వాడకట్టుల అందరం చేస్తం. మాకెవ్వరు నౌకరీ ఇయ్యలే."

నవ్వుతూనే సంబంధం ఒకటి తీసింది. కుంఠా నాకా దగ్గర సొంత కార్ఖానా ఉన్న టవల్ మామ కూతురు. సాంచల మోతలో మాట వినబడదు గనుక ఆయన పనివాళ్ళతో భుజం మీది టవల్‌తోనే మాట్లాడేవాడు. ఒకసారి ఊపితే చాయ్, గిరగిరా తిప్పితే అన్నీ బంద్. ఆయన కూతురు కార్ఖానాలోనే కంప్యూటర్ మీద చద్దర్ల బొమ్మలు గీసేది. ఆమెను నేను ఒక పెళ్ళి బంతిలో చూశాను. విస్తట్లో పూసల లడ్డూ గింజలు లెక్కపెడుతున్న నన్ను చూసి, "లెక్క అయినంక జర తినుండ్రి" అని ముందుకు పోయింది. అప్పటి నుంచి ఇంకో సంబంధం మాట నా చెవికి ఎక్కలేదు. ఈ సంబంధం తప్పిపోతే ఏమవుతుందన్న ఒక్క లెక్క మాత్రం నేను వేయలేదు, ధైర్యం చాలక.

టవల్ మామ ఒప్పుకోలేదు. "నేసెటోని ఇంటికి పోతే బట్ట కింద చెయ్యి వెట్టి జూస్త. గీ పిల్లగాని పని ఏడ చెయ్యి వెట్టి చూడాలె?" అన్నాడట. రేడియో అత్త నన్ను అడక్కుండానే మాటిచ్చేసింది, "మీ కార్ఖానల్నే చేసి చూపిస్తడు అన్నా" అని. దానికి ఆయన పెట్టిన షరతు ఒకటే: "సాంచ నడుస్తుండాలె. ఆపకుండ చూస్త అంటున్నడు గద. ఆగిందంటే నా బిడ్డ మాట ఎత్తొద్దు."

ఒక మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా వేసుకుని, అత్తను వెంటబెట్టుకుని పోయాను. మూలన ఉన్న సాంచ మీద జింకల చద్దరు పడుతోంది. జింకను గీసింది ఆ అమ్మాయే. ఒక్కో పేక పోగు పడే ముందు ఏ పడుగు పోగులు పైకి లేవాలో పక్కనున్న కంప్యూటర్ చెబుతుంది, సాంచ నెత్తిన ఉన్న జకార్డు వాటిని లేపుతుంది. పేక పోగుకు ఒక్కసారి చొప్పున ప్రోగ్రాము పోయే చోట గుర్తు గుచ్చి, తెర మీద లెక్క చూపించాలన్నది నా పథకం. దానికి పట్టే సమయం ఇంట్లోనే లెక్క కట్టుకున్నాను. కంటిరెప్ప వేసే కాలంలో వందో వంతు కూడా కాదు. కుర్చీలో కూర్చున్నాను. ఆ అమ్మాయి పక్కన నిలబడింది. టవల్ మామ సాంచ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, ఆగితే ముందు ఆ చేతికే తెలుస్తుందన్నట్టు.

గుర్తు గుచ్చాను. తెర మీద అంకెలు మొదలయ్యాయి. టవల్ మామ ముందుకు వంగి చూశాడు. నేను చొక్కా కాలరు సర్దుకున్నాను. ఆ సర్దుకోవడం పూర్తి కాకముందే అంకెలు నల్లా విప్పినట్టు కారడం మొదలుపెట్టాయి. నెత్తిన జకార్డు తాళం తప్పింది. కంప్యూటర్ నుంచి కొత్త మాట సమయానికి రాక అది పాత పోగులనే మళ్ళీ మళ్ళీ లేపుతోంది. సాంచ మాత్రం తన వేగంలో తాను నేసుకుపోతోంది. బట్ట మీద జింక కాళ్ళు సాగుతున్నాయి, సాగుతూనే ఉన్నాయి.

అప్పుడు చేయవలసింది నాకు తెలుసు. ఒక్క మీట నొక్కితే గుర్తు ఊడివస్తుంది. ఆపకుండా గుచ్చడం, ఆపకుండా తీయడం, నేను కట్టిన సాధనం గొప్పంతా అదే. కానీ సాంచ చప్పుడు తేడాగా వినబడితే దగ్గరున్నవాడు పరిగెత్తి దాన్ని ఆపే పిడి లాగాలని మా ఇంట్లో నడక వచ్చినప్పటి నుంచీ నేర్పారు. నా చెయ్యి కీబోర్డు వైపు పోలేదు. కుర్చీ పడేసి ఒక్క దూకు దూకి పిడి లాగేశాను. సాంచ ఆగిపోయింది.

టవల్ మామ టవల్ గిరగిరా తిప్పాడు. ఒక్కొక్కటిగా కార్ఖానాలోని సాంచలన్నీ ఆగాయి. అంత నిశ్శబ్దంలో ఆ కార్ఖానాను ఎవరూ చూసి ఉండరు.

"నా జింకకు ఒంటె కాళ్ళు వెట్టిండు," అంది అమ్మాయి.

"ఏదైతేంది, నడుస్తది గద," అంది రేడియో అత్త.

"నువ్వు గప్ బస్, ఊకుండు చెల్లే." టవల్ మామ నా వైపు తిరిగాడు. "ఏమైంది?"

"చోటు తప్పింది మామా. పేక పోగుకు ఒక్కసారి పోయే జాగ అనుకున్న. ప్రతి పడుగు పోగుకు ఒకసారి పోయే జాగల గుచ్చిన. వేలసార్లు పిలిచింది, పని వెనక పడ్డది."

"గా గుర్తు ఆపకుండ తీయరాదా?"

"వస్తది. ఒక బటన్ ఒత్తితే పోతది."

"మరి సాంచ ఎందుకు ఆపినవ్? ఆపొద్దన్న గద?"

"అన్నరు." సాగిన జింక కాళ్ళను చూపించాను. "బట్ట ఖరాబైతుంది గద మామా."

ఆయన బట్ట కింద చెయ్యి పెట్టి, సాగిన కాళ్ళను వేళ్ళతో తడిమి చూశాడు. ఇంటికి పోయి అమ్మకు ఏం చెప్పాలో నేను మనసులో మాటలు కూర్చుకుంటున్నాను.

"వీని పని ఏందో నాకు ఇయ్యాల గూడ సమజ్ గాలే," అన్నాడు చివరికి, నాతో కాదు, అత్తతో. "గని బట్ట పాడైతుంటే పిల్లను యాది మర్చిండు. గట్లాంటోడు కార్ఖానకు పనికొస్తడు. బిడ్డా, నువ్వేమంటవ్?"

"ముందుగాల నా జింకను మంచిగ చెయ్యుమను," అంది ఆమె.

"బర్, సరే," అని ఆయన టవల్ ఒకసారి ఊపాడు. చాయ్ అన్నమాట. మేమిద్దరం తప్ప అందరూ బయటికి నడిచారు.

ఆమె తప్పు పడిన పేక పోగులను విప్పి తీసింది. నేను ప్రోగ్రామును వరుస వరుసా వెతికి, అసలు చోటు పట్టుకుని, గుర్తు అక్కడ గుచ్చాను. పిడి ఆమే వేసింది. ఈసారి ఒక్కో పేక పోగుకు ఒక్కో అంకె, తొందర లేకుండా, వరుసగా పడుతూ వచ్చింది. జకార్డు తాళం తప్పలేదు. మీట నొక్కి గుర్తు తీశాను, సాంచకు తెలియనే లేదు. మళ్ళీ గుచ్చాను. అప్పటికీ తెలియలేదు. గర్వంగా వెనక్కి తిరిగి చూస్తే కార్ఖానాలో ఇంకెవరూ లేరు. టవల్ మామ గుమ్మం బయట మా అత్తతో చాయ్ తాగుతూ పంతులును ఎప్పుడు పిలవాలో మాట్లాడుతున్నాడు. "మామా, ఆగలే చూడుండ్రి" అని అరిచాను. ఆయన చాయ్ గ్లాసు పైకెత్తి చూపించి మళ్ళీ మాటల్లో పడ్డాడు.

ఆ సాధనాన్ని తర్వాత ఎందరో తిరగరాశారు. నేను రాసిన వరుసలు అందులో ఏవైనా మిగిలాయో లేదో చూసుకోవచ్చు గానీ, చూడలేదు. తలుచుకున్నప్పుడల్లా నాకు కనబడేది ఆ మూల, ఆ తెర, ఇస్త్రీ నలిగిన చొక్కాలో నేను. ఎవరూ చూడకపోయినా గుర్తు గుచ్చుతూ, తీస్తూ, మళ్ళీ గుచ్చుతూ, ఒక్కో అంకెకూ మురిసిపోతున్నాను. అంతసేపూ ఆమె నా పక్కనే నిలబడి నన్నే చూస్తోందట. పెళ్ళయిన చాలా కాలానికి, ఏదో మాటల్లో చెప్పింది. ఇప్పుడు నాకు, ఆ రోజు తెర ముందున్న ఆ కుర్రాడి భుజం తట్టి, అంకెలు ఎక్కడికీ పోవు, ఒక్కసారి తల పక్కకు తిప్పరా అని చెప్పాలనిపిస్తుంది.