మూత వేసిన చెయ్యి

విశాఖపట్నంలో నాకు డిటెక్టివ్ అని బోర్డు ఉంది గానీ, చేసేది చాలావరకు పెళ్లికొడుకుల ఆరా. తాగుతాడా, ఉద్యోగం నిజమేనా, ఇదివరకే ఎక్కడైనా కాపురం వెలగబెట్టాడా. అలాంటి నాకు చీపురుపల్లి దగ్గరి మా ఊరి నుంచి పెళ్లికూతురే ఫోన్ చేసింది. మా చిన్నాన్న కూతురు.

"అక్కా, మాయమ్మ మా నాన్నని సంపిందో లేదో తేల్చు. అమ్మ పందిట్లోకి రాకపోతే నాను పీటల మీద కూకోను," అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

చిన్నాన్న పోయింది కొన్నేళ్ల కిందట, వాళ్ల పెరట్లోని ధాన్యం పాతరలో. మా వైపు నేలలో లోతుగా గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, ధాన్యం పోసి మూసేస్తారు. నెలల తరబడి మూసి ఉంటే లోపల గాలి చెడుతుంది. అందుకే మూత తీసి ఒక రోజు వదిలేసి, లాంతరు దింపి, అది ఆరకపోతేనే మనిషి దిగాలి. చిన్నాన్న పోయిన రోజు పొద్దున్న మొగుడూ పెళ్లాం గట్టిగా కేకలేసుకున్నారు. సాయంత్రం పాతరలో శవం దొరికింది. పైన మూత వేసి ఉంది. ఇంకేముంది, పిన్నే మూసి చంపేసిందన్నారు. పరువు పోతుందని పెదనాన్న పోలీసుల దాకా వెళ్లనివ్వలేదు. పిల్లను తన దగ్గర ఉంచుకుని, పిన్నిని ఆమదాలవలసలోని పుట్టింటికి తోలేశాడు. పరువట, పరువు! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ముందు పిన్ని దగ్గరకే వెళ్లాను. మూత అప్పుడే తీశారనీ, విత్తనాల తొందరలో చిన్నాన్న దిగుతానంటే తను వద్దని అరిచిందనీ చెప్పింది. లాంతర్లో కిరసనాయిలు లేక పక్క వీధికి పరుగెత్తిందట. చినుకుల్లో తడుస్తూ వచ్చేసరికి పాతర మూసి ఉంది.

"నా మాట ఇన్నాడని సంబరపడ్డానమ్మా. పొలానికి ఎల్లిపోనాడనుకున్నాను," అంది.

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంటే నేను ఆలోచనలో పడ్డాను. చినుకు పడితే మా ఊరివాళ్లు లోపలికి తొంగి చూడరు. కనపడిన ధాన్యమల్లా కప్పేస్తారు, పరాయివాళ్లదైనా సరే.

ఊరెళ్లి, శవాన్ని పైకి లాగినవాళ్లను విడివిడిగా అడిగాను. గోడ గడ్డి చెక్కుచెదరలేదన్నారు. ధాన్యం తీయడానికి ఆయన దింపుకున్న తట్టలో ఒక్క గింజ లేదన్నారు. ఆ చినుకుల్లో కళ్లం నుంచి పెరటి దారిన వచ్చింది పెదనాన్న ఒక్కడేనని కూడా తెలిసింది.

పెళ్లి బియ్యానికి తీయవలసిన పాతర నెలలుగా మూసే ఉంది. పెద్దలను పిలిచి, వాళ్ల ముందు మూత తీయించాను. పెదనాన్న వద్దన్నాడు గానీ, పెళ్లికూతురు కదిలితే గదా. లాంతరు దింపాం. సగం దూరం వెళ్లకుండానే ఆరిపోయింది.

"బతికున్నవాడి మీద మూత పడితే ఆ గడ్డంతా పీకేసేవాడు. చిన్నాన్న దిగుతూనే కూలిపోయాడు. మూత ఎవరు వేసినా, అప్పటికే ఆయన లేడు," అన్నాను, పెదనాన్న మొహం చూస్తూనే.

ఆయన నేల మీద చతికిలబడ్డాడు.

"అయితే నాను సంపలేదా?"

చూడకుండా మూశాననీ, సాయంత్రం తీశాక తమ్ముణ్ణి తనే చంపుకున్నాననుకుని, ఆ నింద పిన్ని మీద పడుతుంటే ఊరుకున్నాననీ చెప్పాడు. జాలి వేసింది, నిజమే. కోపం అంతకన్నా ఎక్కువ వచ్చింది. ఇక్కడ ఏడిస్తే లాభం లేదు, వెళ్లి ఆమెకు చెప్పమన్నాను.

వెళ్లాడు. పిన్ని పుట్టింటి ముందు వీధిలో చేతులు జోడించి నిలబడి, మూత వేసింది తనేనన్నాడు. పిన్ని గుమ్మం దిగి ఆయన ఎదురుగా వచ్చింది.

"ఇక్కడ కాదు బావగారూ. పందిట్లో అందరూ ఇనేటట్టు సెప్పండి. అప్పుడొస్తాను."

పెళ్లినాడు పెదనాన్న మైకు పట్టుకుని చెప్పాడు. ఏదీ దాచకుండా అంతా చెప్పాడు. అప్పుడు పిన్ని తల ఎత్తుకుని, కూతురి చెయ్యి పట్టుకుని పందిట్లోకి నడిపించుకొచ్చింది. ఆమెను నానా మాటలన్నవాళ్లే లేచి దారిచ్చారు. నేను సిగ్గు లేకుండా ఈల వేశాను.