ఎవరూ చూడని పద్నాలుగు నెలలు

డిల్విన్ కిడ్నీలు దెబ్బతిన్నాయని పెద్దాసుపత్రి నుంచి ఉత్తరం వచ్చిన ఉదయం గ్లెనిస్‌కు ఒళ్ళు మండిపోయింది. వేల్స్ లోయలోని ఆ ఊరి క్లినిక్‌లో ఆమె పందొమ్మిదేళ్ళుగా నర్సు. బస్సు డిపో మెకానిక్ డిల్విన్ మనసు కుదురుగా ఉండటానికి లిథియం మాత్రలు వాడేవాడు. రక్తంలో మోతాదు మించితే ఆ మందే విషం. ఆరు నెలలకోసారైనా పరీక్షించి తీరాలి. పద్నాలుగు నెలలుగా ఎవరూ పరీక్షించలేదు. మాత్రల చీటీ మాత్రం నెలనెలా ఠంచనుగా వెళ్ళింది.

"ఏదో ఒక్కటి జారిపోయింది. రాద్ధాంతం చెయ్యకు గ్లెనిస్," అన్నాడు పెద్ద డాక్టరు పెన్రి.

"ఒక్కటేనని ఎవరు చెప్పారు డాక్టరుగారూ? లెక్క చూశారా?"

ఆయన చూడలేదు. ఆమె కూడా అంతే. చేతులు వణుకుతున్నాయని డిల్విన్ అంటే, "వయసు మీద పడుతోందిలే" అని నవ్వేసింది తనే; ఆ వణుకు మందు మించిందనడానికి గుర్తని తట్టనేలేదు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆమె కోపం రెట్టింపయ్యేది.

నాలుగు రోజులు మధ్యాహ్నం తిండి మానేసి, లిథియం వాడేవాళ్ళ రికార్డులన్నీ తిరగేసింది. డిల్విన్ కాక మిగిలిన ఇరవైముగ్గురిలో తొమ్మిదిమందికి గడువులోగా పరీక్ష లేదు. సోమవారం క్లినిక్ సమావేశంలో ఆ లెక్క రాసిన కాగితం బల్లమీద పెట్టింది.

పెన్రి ముఖం జేవురించింది. "ఈ ఆడిట్ నిన్నెవరు చెయ్యమన్నారు?"

"డిల్విన్ కిడ్నీలు చెయ్యమన్నాయి. తప్పులో నా వాటా నాకుంది. కానీ పరీక్ష తేదీ చూడకుండా చీటీ మీద సంతకం గిలికేది మీరు. ఇక కుదరదు!"

ఆ రోజే తొమ్మిదిమందికీ ఫోన్లు వెళ్ళాయి. పరీక్షిస్తే, వాళ్ళలో ఒక బడి వంటమనిషికి రక్తంలో మందు ప్రమాదస్థాయికి చేరి ఉంది. వెంటనే మోతాదు తగ్గించారు. పరీక్ష పాతబడితే వారానికి సరిపడా మాత్రలే ఇవ్వాలని, ఆ వారంలోనే రక్తం తియ్యాలని కొత్త నియమం పెట్టారు.

ఆరు నెలలకు గ్లెనిస్ మళ్ళీ లెక్క తీసింది. ఒక్క పరీక్షా తప్పిపోలేదు.

"శభాష్! దీన్ని వైద్య పత్రికకు రాద్దాం," అన్నాడు పెన్రి.

"ముందు డిల్విన్‌కు క్షమాపణ రాయండి."

ఆయన రాశాడు. ఆ ఉత్తరాన్ని ఆమే తీసుకెళ్ళింది. డయాలిసిస్ చేయించుకుని అప్పుడే ఇల్లు చేరిన డిల్విన్ దాన్ని రెండుసార్లు చదివాడు.

"బస్సులకు ఆయిల్ చూడటం ఒక్కరోజు మరిచినా మా మేనేజరు చీల్చి చెండాడేవాడు తల్లీ. మీరు చూడాల్సింది మనుషుల్ని కదా!"

చేతుల వణుకును ఆ రోజు తను నవ్వి కొట్టిపారేయడం కూడా తప్పేనని గ్లెనిస్ దాచకుండా ఒప్పుకుంది. అతను ఆమెను క్షమించలేదు. క్షమించమని ఆమె అడగనూ లేదు.