ఎల్లయ్యకు వేయని టీకా

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా. ఇన్నేళ్లుగా అన్నం తింటున్నా, పేపరు చదువుతున్నా లోపల అది అలాగే బరువుగా ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పనీ లేదు. అందుకే మీతో చెబుతున్నాను.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో నేను అచ్చంపేట వైపు ఒక చిన్న పోస్టాఫీసులో పోస్టుమాస్టర్ని. ఎల్లయ్య మా రన్నరు. మగ్గం నేసే ఇంట్లో పుట్టి, మగ్గం వదిలి ఉత్తరాల డాకు సంచి ఎత్తుకున్నవాడు. గజ్జెల కర్ర పట్టుకొని, ఎలుగుబంట్లు తిరిగే దారిలో ఒంటరిగా నల్లమల అంచు గూడేలకు పోయేవాడు. ఉత్తరం చేతిలో పెట్టి వచ్చేయడం అతనికి చేతకాదు. చదివి వినిపించాలి, జవాబు రాసివ్వాలి. సంతకం రానివాళ్ల బొటనవేలు తన చేత్తో పట్టుకొని, సిరా అద్ది, రసీదు మీద ఒత్తించాలి. అలాంటి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ ఏడు గూడేల్లో మశూచి మొదలైంది. ఇల్లిల్లూ తిరిగే డాకువాళ్లకు ముందు టీకాలు వేయించాలని పైనుంచి తాకీదు వచ్చింది. టీకాలు వేసే ఆయన వచ్చిన రోజు ఎల్లయ్య గూడేలకు పోయి ఉన్నాడు. మర్నాడూ ఊళ్లోనే ఉంటానని ఆయన చెప్పాడు. ఎల్లయ్యను ఒక్క పూట ఆపితే సరిపోయేది. కానీ టీకా వేస్తే చెయ్యి వాచి రెండు రోజులు జ్వరం వస్తుంది. బదులు మనిషి లేడు. సంచి ఆగితే ఇన్‌స్పెక్టరు నన్నే అడుగుతాడు. టీకాల పట్టికలో ఎల్లయ్య పేరు ఎదుట ‘వేశారు’ అని రాశాను. టీకాలు వేసే ఆయన చూడకుండానే సంతకం పెట్టాడు. ఎల్లయ్య అడిగితే, వచ్చే వారం మళ్లీ వస్తారని చెప్పాను. అప్పుడు అదొక చిన్న సర్దుబాటు అనుకున్నాను. ఎవరి కోసం సర్దుబాటు?

మశూచి సోకిందని గుర్తుగా వేపమండలు కట్టిన ఒక గుడిసెకు రిజిస్టరు ఉత్తరం వచ్చింది. ఎల్లయ్య లోపలికి వెళ్లి, మంచం పట్టిన ముసలమ్మ వేలు పట్టుకొని ముద్ర వేయించాడు. రెండు వారాలకు అతనికీ అమ్మవారు పోసింది. బతికాడు. ఒక కన్ను పోయింది.

దవాఖాన నుంచి అధికారి ఆ పట్టిక పట్టుకొని వచ్చాడు. టీకా వేసినవాడికి ఎలా వచ్చిందని అడిగాడు. గోడకు ఆనుకొని కూర్చున్న ఎల్లయ్య నా వైపు ఒకసారి చూశాడు.

“పేరు రాయించుకొని నేనే ఉరికిన సారూ. సూదంటె నాకు జర భయం,” అన్నాడు.

అధికారి నవ్వి, నాలుగు చీవాట్లు పెట్టి వెళ్లిపోయాడు. అలా ఎందుకన్నావని ఎల్లయ్యను అడిగాను.

“టీకా ఏసినంక గూడ వచ్చిందంటె గూడెంల ఒక్కరు చెయ్యి చాపరు. దొంగరాత రాసిన్రంటె అసలే చాపరు. నేను భయపడ్డనంటె నవ్వుతరు సారూ, గంతే.”

నవ్వారు. అతను మాత్రం ఒంటికన్నుతో గూడెం గూడెం తిరిగి, తన ముఖం చూపించి, సూదికి భయపడితే ఇదీ గతి అని చెప్పి అందరికీ టీకాలు వేయించాడు. ఎంత గొప్పవాడు! పిల్లలు అతన్ని సూది ఎల్లయ్య అని పిలిచేవారు. ఒకసారి నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. పట్టికలో రాసిన రాత కన్నా ఆ నవ్వే నన్ను ఎక్కువ కాల్చింది.

అతను ఉన్నన్నాళ్లూ క్షమించమని అడగలేకపోయాను. పోయిన రోజున కూడా మనవలు ఆ పేరే తలచుకొని, మా తాత పులికి భయపడడు గానీ సూదికి భయపడతాడని చెప్పుకున్నారు. నేను తల వంచుకొని వచ్చేశాను.

మిమ్మల్నీ క్షమించమని అడగను. అది మీరు ఇవ్వగలిగేది కాదు. ఒక్క మాట బయటపెడితే చాలనుకున్నాను. ఎల్లయ్య సూదికి భయపడి పారిపోలేదు. ఆ రోజు అతను సంచి మోస్తూ అడవి దారిలో ఉన్నాడు.